ముప్పేట తాడు లోతు

ఆ శనివారం ఉదయం ఆరుంబావుకు నేను గాలపు తాడు ఆరేశాను. బడి గంట కొట్టడానికి మిషన్ వాళ్ళు ఇచ్చిన గడియారం మా ఇంట్లోనే ఉండేది. దానికి రోజూ కీ ఇచ్చేది ఆరుంబావుకే. కీ ఇచ్చి పెరట్లోకి వెళ్ళి, కుళ్ళకుండా రాత్రంతా తుమ్మచెక్క కషాయంలో నానిన తాడును కుండలోంచి తీసి, పిండి, దండెం మీద వేశాను. అది రోజూ చేసే పనే. ఆ రోజు ప్రత్యేకంగా ఏమీ అనిపించలేదు.

మా ఇంట్లో గాలపు తాళ్ళు రెండు ఉండేవి. రెండూ నూలువే. రెండు పేటలు కలిపి పేనినవి, సన్నగా ఉండేవి. తడి నూలును ఉండ చుట్టి ఒక్క రోజు వదిలేస్తే కుళ్ళు వాసన వస్తుంది, రెండో రోజుకు తెగుతుంది. అందుకని ఒకటి ఏట్లో ఉన్నప్పుడు ఇంకోటి పెరట్లో ఆరేది.

మాది గురజాల తాలూకాలో కృష్ణ ఒడ్డున ఉన్న ఒక ఊరు. అవతలి గట్టు నైజాం. మావారు మిషన్ బడిలో పంతులు. నేను చిన్న తరగతులకు చెప్పేదాన్ని. పిల్లలు లేరు. ఆయనకు పుస్తకాలు, ఏరు తప్ప వేరే వ్యసనం లేదు. బడి వదలగానే రేవుకు పోయేవారు. రేవులో పడవ నడిపే బెస్త తాత ఆయనకు ఒక చిన్న దోనె ఇచ్చాడు, ఈడ్పుగాలం వేయడం నేర్పాడు. మా ఇంట్లో మంచినీళ్ళు తాగని వాళ్ళు ఊళ్ళో చాలామంది ఉన్న రోజులవి. తాత తాగేవాడు. అడిగి మరీ తాగేవాడు.

ఈడ్పుగాలానికి ఎర ఉండదు. పొడుగాటి తాడు చివర మెరిసే ఇత్తడి ముక్క, దాని తోకకు గాలం. దోనె మెల్లగా నడుస్తుంటే తాడును వెనక వదులుతారు. ఇత్తడి ముక్క నీళ్ళలో తిరుగుతూ చిన్న చేపలా కనిపిస్తుంది. లోతు మడుగుల్లో ఉండే వాలుగ దాని కోసం వస్తుంది. ఇత్తడి ముక్క ఎంత లోతున ఈదుతోంది అన్నదే అందులో ఉన్న విద్య అంతా. వాలుగ ఉన్న లోతుకు అది పోకపోతే రోజంతా తిరిగినా తాడు తడవడం తప్ప ఏమీ ఉండదు.

యుద్ధం రోజులు కావడంతో ఇత్తడి దొరికేది కాదు. నూలూ దొరికేది కాదు. మా అమ్మ పెళ్ళికి ఇచ్చిన ఇత్తడి గరిటెను ఆయన ఒకరోజు నన్నడగకుండా కోసి నాలుగు ముక్కలు చేశారు. రెండు రోజులు నేను మాట్లాడలేదు. తర్వాత ఆయన తెచ్చిన వాలుగను కోసి పులుసు పెడుతూ మాట్లాడక తప్పలేదు. ఏటి అడుగున రాళ్ళకూ మొద్దులకూ పట్టి, తాడు తెగి, ఆ వేసవి లోపల రెండు ముక్కలు పోయాయి.

సెలవుల్లో నేను పాత చీరల అంచులు విప్పి, నూలు తీసి, మూడు పేటల తాడు పేనాను. మా పెళ్ళిలో పాదిరిగారు ఆలుమగల గురించి చెబుతూ బైబిల్లోని ముప్పేట తాడు సంగతి తెచ్చారు. అలాంటి తాడు తొందరగా తెగదని మా వాళ్ళందరికీ చిన్నప్పటి నుంచి తెలిసిన మాటే. ఆ మాట తలుచుకునే పేనాను. రెండు చేతులూ చాపి కొలిస్తే ముప్పై బారలు వచ్చింది. ఆయన దాన్ని గుంజి చూసి, "ఇది తెగితే ఏటికి దణ్ణం పెడతాను" అన్నారు.

పది రోజులు దానితో తిరిగారు. ఒక్క చేప పడలేదు. పదకొండో రోజు నేనూ దోనెలో కూర్చున్నాను. తాత తన పడవ రేవులో ఆపుకుని మమ్మల్ని చూస్తున్నాడు.

"ఏంది పంతులూ, చేపలకి కూడా సెలవులిచ్చినట్టున్నావు."

"కొత్త తాడు తాతా. మా ఇంటావిడ పేనింది. ముప్పేట."

తాత దోనెలోకి వచ్చి తాడును రెండు వేళ్ళ మధ్య దొర్లించాడు. "దున్నపోతుని కట్టొచ్చు. అమ్మాయి చానా బాగా పేనింది. కానీ ఇది చేప కోసం పేనింది కాదు, నీకోసం పేనింది."

"బరువైన తాడు ఇంకా లోతుకు పోవాలి గదా?"

"రాయైతే పోద్ది. తాడు రాయా? ఈడుస్తావుంటే నీళ్ళు ఎదురొచ్చి దాన్ని పైకి నెడతయ్యి. లావుగా ఉంటే ఎక్కువ నెడతయ్యి. సన్నంది నీళ్ళని కోసుకుంటా కిందికి పోద్ది. మీ బళ్ళో ఇది చెప్పరా?"

"చెప్పరు."

"మరేం చెప్తారు?"

ఆయన నవ్వారు గాని, వినడంతో ఊరుకోలేదు. రేవుకు కొంచెం ఎగువన నీళ్ళలో నాపరాతి మెట్లు ఉన్నాయి. ఒక్కో మెట్టు ఎంత లోతున ఉందో గడ వేసి కొలిచారు. తర్వాత ఒక్కో తాడుతో ఇత్తడి ముక్కను వాటి మీదుగా ఈడ్చారు. ముక్క రాతికి తగిలితే దాని మీద గీతలు పడేవి, గాలానికి పచ్చటి పాచి పట్టుకుని వచ్చేది. పాచి వస్తే ఆ లోతు అందినట్టు. శుభ్రంగా వస్తే అందనట్టు. నాలుగు సాయంత్రాలు అదే పని. లోతును నిలువుల్లో కొలిచేవాళ్ళు. నిలువంటే ఒక మనిషి ఎత్తు. దాని మీద ఒక పూట తగాదా పడ్డారు. ఆయన ఆరడుగుల మనిషి. తాత ఆయన భుజం దాకా వచ్చేవాడు.

"ఎవరి నిలువు తాతా? నీదా, నాదా?"

"ఏరు నాది. నిలువూ నాదే."

అలా ఆయన నోటుపుస్తకంలో లోతులన్నీ 'తాత నిలువు' కింద ఎక్కాయి. ఆ పుస్తకం ఇప్పుడు నా ముందు ఉంది. గుండ్రటి అక్షరాలు, బడిలో నల్లబల్ల మీద రాసే అక్షరాలే. 'రెండు పేటలు, ఇరవై బారలు, తెడ్డు మెల్లగా: మూడు నిలువులు. తెడ్డు గట్టిగా: రెండున్నర. ముప్పేట, ఇరవై బారలు, తెడ్డు మెల్లగా: రెండుకు లోపే.' దాని కింద ఇంకో వాక్యం: 'ముప్పేట ముప్పై బారలు వదిలినా రెండు దాటలేదు. వదిలిన కొద్దీ పెరిగేది తాడే, లోతు కాదు.'

నేను పేనిన తాడు బట్టల దండెం అయింది. వేపచెట్టుకూ వంటింటి గోడ మేకులకూ మధ్య మూడు వరసలు కట్టారు. సన్నటి గాలపు తాళ్ళను దాని మీదే ఆరేసేదాన్ని. నాకు కష్టం అనిపించలేదు. దండెంగా అది మంచి తాడు.

శనివారం ఒంటిపూట బడి. జూన్ నెల, ఎగువన ఎక్కడో వానలు పడి నీళ్ళకు ఎర్ర రంగు అప్పుడే మొదలవుతోంది. ఏరు పొంగితే మళ్ళీ నాలుగు నెలలు గాలం ఉండదు. నాలుగు గంటలకు ఆయన రెండో తాడు భుజాన వేసుకుని బయల్దేరారు. ముందు వారమే మూడో ముక్క కూడా పోయింది. మిగిలిన ఒక్కటీ తాడు చివర వేలాడుతోంది.

"అది కూడా ఏటికిచ్చి రండి. రేపటి నుంచి పప్పు దోసిలితో వడ్డిస్తాను" అన్నాను.

ఆయన వాకిట్లో ఆగకుండానే తల పక్కకు తిప్పి, "పోగొట్టనులే" అన్నారు.

దీపాలు పెట్టే వేళకు దోనె ఒక్కటే దిగువ రేవు రాళ్ళకు తగులుకుని కనిపించింది. దోనెలో ఆయన చొక్కా మడతపెట్టి ఉంది. మడత మీద కళ్ళజోడు ఉంది. అడ్డచెక్కకు కట్టిన తాడు పదిహేను బారల దగ్గర తెగి ఉంది. ఆయనకు ఈత వచ్చు. చొక్కా మడతపెట్టి, కళ్ళజోడు తీసి పెట్టారంటే తానే దిగారని అర్థం. దేనికోసం దిగారో ఊరివాళ్ళు ఆలోచించారు. నేను ఆలోచించలేదు, నాకు తెలుసు.

ఆదివారం మిషన్ గుడి గంట కొట్టలేదు. అందరూ ఏటి దగ్గరే ఉన్నారు. ఆయన గాలం వేసే మడుగు అరమైలు పొడుగు. ఈతగాళ్ళు దిగారు. నీళ్ళు మసకబారాయి, చెయ్యి చాపితే వేళ్ళు కనపడటం లేదు. బావిలో పడిన చేదలు తీసే పాతాళగరిగె తెచ్చి వేశారు. ఇనుము బరువుకు అది నేరుగా అడుగుకు పోయి మూడో ఈడ్పుకే రాళ్ళలో ఇరుక్కుంది. తాడుతో సహా పోయింది. తాత ఉంటే ఏం చెయ్యాలో చెప్పేవాడు. శుక్రవారమే నైజాం గట్టున కూతురి ఊరికి వెళ్ళాడు. మనిషిని పంపారు.

అప్పటికి ఆయన రారని నాకు తెలిసిపోయింది. నాకు కావలసింది ఒక్కటే మిగిలింది. మా గుడిలో శవపెట్టె మూత బిగించే ముందు ఇంటివాళ్ళను పిలిచి మొహం చూపిస్తారు. భార్య నుదుటి మీద చెయ్యి వేస్తుంది. దానికి వేళ తప్పకూడదు. జూన్ నీళ్ళు వెచ్చగా ఉంటాయి, మడుగులో ఏ చేపలు ఉంటాయో ఊళ్ళో అందరికంటే మా ఇంట్లోనే బాగా తెలుసు. ఆ రోజు దొరికితే చూడొచ్చు. మర్నాటికి ఏమో.

ఊరి పెద్దరైతు ఒకాయన ఆడవాళ్ళ మధ్య కూర్చున్న నా దగ్గరికి వచ్చి, "అమ్మా, మాస్టారి గాలం తాడు ఇంకోటి ఉంటే ఇప్పించు. గాలాలు వరసగా కట్టి ఈడుద్దాం" అన్నాడు.

ఇంటికి వెళ్ళాను. పెరట్లో దండెం ఉంది. దాని మీద నేను ముందు రోజు వేసిన సన్నతాడు ఆరి ఉంది. తీయడానికి చెయ్యి వేశాను. వేళ్ళ మధ్య అది దారంలా ఉంది. ఆరడుగుల మనిషి. తగిలాక తెగిపోతే? ఏటి అడుగున ఒకసారి చేతికి అందినట్టే అంది పోతే? అంతకంటే నేను ఏమీ ఆలోచించలేదు. పుస్తకంలో రాసింది మర్చిపోలేదు. నోటికి వచ్చు. సన్నతాడును తీసి గడప మీద పెట్టాను. వేపచెట్టు దగ్గర ముడి విప్పాను, మేకుల దగ్గర ముళ్ళు విప్పాను, ముప్పేట తాడు చుట్ట చుట్టి తీసుకెళ్ళి ఇచ్చాను.

"గట్టిది తెచ్చావు, మంచిపని చేశావమ్మా" అన్నాడాయన.

సాయంత్రం దాకా తిప్పారు. పొడుగునా పోయి, తిరిగి వచ్చి, కొంచెం పక్కకు జరిగి మళ్ళీ పోయేవాళ్ళు. నేను లెక్కపెట్టాను. పద్దెనిమిది సార్లు. ప్రతిసారీ ఒడ్డు దగ్గర గాలాలు పైకి తీసి చూసేవాళ్ళు. అవి కడిగినట్టు శుభ్రంగా ఉండేవి. ఒక్కదానికీ పాచి లేదు.

దాని అర్థం అక్కడున్న వాళ్ళలో నాకొక్కదానికే తెలుసు. రెండోసారికే తెలుసు. లేచి నాలుగడుగులు వేసి ఆ మాట చెప్పాలి. చెప్పలేదు. మగవాళ్ళంతా ఎండలో కష్టపడుతున్నారు, వాళ్ళకు తప్పు తాడు ఇచ్చానని చెప్పడానికి నోరు రాలేదు. ఇంకోసారికి తగులుతుందేమో అనుకున్నాను. పద్దెనిమిది సార్లూ అదే అనుకున్నాను. ఇంతకాలం దీనికి ఇంకేదైనా కారణం దొరుకుతుందేమోనని వెతికాను. ఇంతకంటే పెద్ద కారణం లేదు.

సోమవారం అవతలి గట్టు నుంచి మొదటి పడవకు తాత వచ్చాడు. ఎవరినీ పలకరించకుండా ఒడ్డున పడి ఉన్న గాలాల దగ్గర కూర్చుని ఒక్కోటి తిప్పి చూశాడు.

"ఎంతసేపు తిప్పారు?"

"నిన్నంతా తిప్పాం" అన్నాడు పెద్దరైతు.

"పాచేది మరి?"

నాకు తప్ప ఎవరికీ ఆ ప్రశ్న అర్థం కాలేదు. తాత తాడు పట్టుకున్నాడు, వేళ్ళ మధ్య దొర్లించాడు. "ఇది పంతులు గారి దండెం తాడు. దీన్ని ఎవరు తెచ్చారు?"

"నేనే తాతా."

నావైపు చూశాడు. నేను దించుకున్న తల ఎత్తలేదు. మామూలుగా, ఉప్పు అడిగినట్టు అడిగాడు. "రెండుపేటలది ఉందా?"

"ఉంది. తెగుద్దేమో తాతా."

"తెగనీ. మనకి తగిలితే చాలు. పైకి తేడానికి తాడెందుకు, మనుషులం లేమా? ఆ పుస్తకం కూడా తేమ్మా. నాకు చదవడం రాదు."

గడప మీద పెట్టిన చోటనే ఉంది తాడు. పుస్తకం ఆయన బల్ల మీద ఉంది. తాత దోనెలో నన్ను ముందు కూర్చోబెట్టుకున్నాడు. ఎవరో వద్దన్నారు. "చదివేవాళ్ళు కావాలి" అన్నాడు తాత.

నేను చదివాను. రెండు పేటలు, ఇరవై బారలు, తెడ్డు మెల్లగా. మూడు నిలువులు.

"ఎవరి నిలువు?"

"తాత నిలువు."

తాత తెడ్డు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ వేశాడు.

మొదటి తిరుగుడుకు గాలాలకు పాచి వచ్చింది. రెండోసారీ పాచే. మూడోసారి మడుగు మధ్యలో తాడు బిగిసింది. దోనె ఆగిపోయింది. తాత తాడును రెండు వేళ్ళతో పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. "మొద్దు" అన్నాడు. ఇంకోసారి మెల్లగా లాగి చూసి, "మొద్దొక్కటే కాదు" అన్నాడు. ఎప్పుడో వరదకు కొట్టుకొచ్చిన తుమ్మచెట్టు ఆ అడుగున ఉందట. తాత చెయ్యి ఊపాడు. ఇద్దరు ఈతగాళ్ళు ఈదుకుంటూ వచ్చి, తాడును గుప్పిట్లో పట్టుకుని, దాని వెంటే కిందికి దిగారు. తాడు వణుకుతూ ఉంది. నేను చూస్తున్నాను. అది తెగలేదు.

ఒడ్డున పెద్దరైతు, "నిన్నంతా ఇక్కడే గదా తిరిగాం" అన్నాడు.

"నిన్న పైన తిరిగారు" అన్నాడు తాత. అంతకుమించి చెప్పలేదు. ఆ రోజే కాదు, తర్వాత కూడా ఎవరికీ చెప్పలేదు.

నన్ను వేరే పడవలోకి మార్చి ఒడ్డుకు పంపారు. ఆయన్ని తెచ్చేసరికి మధ్యలో దుప్పటి అడ్డం పట్టుకున్నారు. గుడిలో పెట్టె మూత మొదటి నుంచీ బిగించే ఉంది. నేను పాదిరిగారిని అడిగాను. ఆయన మంచి మనిషి. "వద్దు తల్లీ. నిన్నటికి దొరికుంటే చూపించేవాళ్ళం" అన్నారు. ఓదార్పుగానే అన్నారు. నేను మూత మీద చెయ్యి వేశాను. కొత్త చెక్క, సరిగ్గా నునుపు చేయలేదు.

ఇత్తడి ముక్క దొరకలేదు. ఎవరూ వెతకలేదు కూడా.

నాలుగు రోజులకు ఏరు పొంగింది.

నేను ఆ బడిలోనే మరికొన్నేళ్ళు చెప్పాను. ముప్పేట తాడును ఇంట్లో ఉంచలేక తాతకు ఇచ్చేశాను. ఆయన దానితో పడవను రేవురాతికి కట్టేవాడు. ఏరు దాటిన ప్రతిసారీ అది నా కంటబడేది. వరదలకు కూడా తెగలేదు. ఒకరోజు పడవలో మేమిద్దరమే ఉన్నాం. అడిగేశాను.

"ఆదివారం నేను సన్నతాడు ఇచ్చి ఉంటే తాతా?"

తాత గడ వేస్తూనే ఉన్నాడు. "ఇచ్చుంటే దొరికేవాడమ్మా."

అబద్ధం చెప్పనందుకు కోపం రాలేదు. అందరూ చెప్పే అబద్ధాలు అప్పటికే చాలా విన్నాను.

గడ ఇంకోసారి గుచ్చి తాతే అన్నాడు. "శనివారం పంతులు ఈ లావు తాడు కట్టుకునుంటే మొద్దు మీదుగా పోయేది. దానికి పట్టేదే కాదు. అదీ నిజమే. చేప పడేది కాదు, మనిషి ఇంటికొచ్చేవాడు. ఏది పట్టుకుంటావు నువ్వు?"

ఇప్పటికీ తాత చెప్పిన ఆ రెండు వాక్యాలూ పక్కపక్కన ఉంటాయి, ఒకదాన్ని ఒకటి కొట్టెయ్యవు.

ఆయన మొహం గుర్తు తెచ్చుకుంటే వాకిట్లో ఆగకుండా పక్కకు తిరిగిన మొహమే వస్తుంది. ఒక చెంప, ఒక కన్ను, కళ్ళజోడు కాడ. పూర్తి మొహం ఎంత ప్రయత్నించినా కొంత పైకి వచ్చి ఆగిపోతుంది. పెళ్ళి ఫొటో ఒకటి ఉంది. అందులో ఉన్నది నాకు ఇంకా తెలియని మనిషి. ఆ చివరి చూపు దొరికి ఉంటే ఈ లోటు ఉండేది కాదని గట్టిగా చెప్పలేను. చూసిన వాళ్ళు కూడా మర్చిపోతారని విన్నాను. అయినా వాళ్ళు చూసి మర్చిపోయారు.

బట్టలు ఆరేసేటప్పుడు ఇప్పటికీ నా వేళ్ళు దండేన్ని దొర్లించి చూస్తాయి. ఇప్పుడు మా ఇంట్లో ఉన్నది ఇనుప తీగ. దానికి పేటలు ఉండవు.

తాత పోయాడు. పడవ శిథిలమైంది. ఎగువన ఆనకట్ట కట్టాక ఏరు వాళ్ళు వదిలినప్పుడు వస్తుంది, వదలనప్పుడు రాదు. మూడు నిలువులున్న మడుగులో వేసవిలో రాళ్ళు కనపడతాయని ఊరి నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. తుమ్మమొద్దు సంగతి నేను అడగలేదు. చేపలు పట్టేవాళ్ళు నైలాను వలలు వేస్తున్నారట. ఆ రేవులో ఇప్పుడు ఎవరూ ఈడ్పుగాలం వేయరు. నూలు తాడు పేనరు. లోతును మనిషి నిలువుతో కొలవరు.